‘బాగుంది’ అన్న మాట

మా అత్తయ్య ఏలుబడిలో మా ఇంట్లో బియ్యం ఒక్కసారి కూడా అయిపోలేదు. నిండుకున్నాయి. దీపం ఎప్పుడూ ఆరిపోలేదు, కొండెక్కింది. కాపరానికొచ్చిన కొత్తలో నేను వంటింట్లోంచి "అత్తయ్యా, నూనె అయిపోయింది" అని కేకేస్తే ఆవిడ దొడ్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నిండుకుంది అనమ్మా, ఇంట్లో ఆ మాట అనకూడదు" అంది బతిమాలుతున్నట్టు. నేను లెక్కల టీచర్ని. అడుగు కనిపిస్తున్న డబ్బా చేత్తో పట్టుకుని నిండుకుందని చెప్పమంటే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పటికీ ఆ రెండూ కలిసే వస్తాయి.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. "టీచరుకి ఇవాళ బీపీ వచ్చిందిరా" అని వెనక బెంచీల పిల్లలు గుసగుసలాడుకోవడం నా చెవుల్తో నేనే విన్నాను. తీరా మా ఇంట్లో నిజం బీపీ వచ్చింది ఆవిడకి. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషికి. కోడలికి రావాల్సింది అత్తకొచ్చిందని వీధిలో ఎవరో అన్నారట. ఆ మాట నాకు మోసుకొచ్చి చెప్పింది కూడా అత్తయ్యే, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ.

మా వీధులు చూసే ఆశా కార్యకర్త ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన అమ్మాయే. లెక్కలు అంతంతమాత్రం. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఏ ఇంట్లో ఎవరి బీపీ ఎంతో, ఎవరు మాత్ర ఎగ్గొడుతున్నారో కాగితం చూడకుండా చెబుతుంది. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి ఓ మిషను పట్టుకొచ్చింది. చేతికి పట్టీ చుట్టి బొత్తాం నొక్కితే పట్టీ ఉబ్బి, మెల్లిగా దిగి, పైనొక అంకె, కిందొక అంకె చూపిస్తుంది. పక్కన ఫోను ఉంటే ఆ అంకెలు దాన్లోంచి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిపోతాయి. అక్కడ డాక్టరమ్మ చూసుకుంటుంది. అంకె మరీ పెద్దదైతే వెంటనే ఈ అమ్మాయి ఫోను మోగుతుంది.

"మామ్మా, మీరు ఆస్పత్రికి రానక్కర్లేదు. మీ బీపీ ఒక్కటీ అక్కడికొస్తే సాలు" అంది.

అత్తయ్యకి ఆ మాట తెగ నచ్చింది. మిషన్ని వసారాలో పీట మీద పెట్టి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పింది. రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుని, కాఫీ తాగకుండా, పాదాలు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చునేది. ఆ ఐదు నిమిషాలూ ఆవిడకి పెద్ద శిక్ష. పట్టీ దిగీదిగగానే అంతసేపు దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారి మొదలుపెట్టేది.

రెండు నెలలు గడిచాక డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. గొంతులో చిరాకు లేదు, బోలెడు ఆశ్చర్యం ఉంది. "మీ అత్తగారికి నిన్న పదింటికి నూట పది, పదింబావుకి నూట డెబ్బై, పదిన్నరకి నూట ఇరవై. మధ్యలో ఇంట్లో ఏమైనా జరిగిందాండీ?" అని అడిగింది. జరిగిందేమిటో నాకు తెలీదు కాని ఆ అంకెలు ఒక్క మనిషివి కావని మాత్రం లెక్కల టీచరుగా ప్రమాణం చేసి చెప్పగలను. మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో కాపు కాశాను.

పదయ్యేసరికి దొంగలు దొరికారు. ఎదురింటావిడ, పక్కింటావిడ తోడికోడలు, పాలకేంద్రానికి వెళ్తూ ఆగిన పెద్దాయన. ఒకరి తర్వాత ఒకరు వసారాలో కుర్చీలో కూర్చోవడం, అత్తయ్య చేతికి పట్టీ చుట్టడం, అంకె చూసి "బాగుందమ్మా", "బాగుంది బాబూ" అనడం, వాళ్ళు సంతోషంగా లేచి వెళ్ళడం. వీధి వీధంతా మా అత్తయ్య పేరు మీద ఆరోగ్య కేంద్రానికి చేరుతోంది.

"ఇదేం పని అత్తయ్యా!" అని విరుచుకుపడ్డాను.

"ఏటే, అంత గొంతు చేసుకుంటావు? ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళిస్తామా లేదా? ఇదీ అంతే. మిషనుంచుకుని ఊరికే ఎలా పంపమంటావు?"

ఆశా అమ్మాయి వచ్చి విని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ్మ చేత మిషను మాన్పించడం అయ్యే పని కాదని తనకి తెలుసు. చివరికి ఒప్పందం ఏమిటంటే, పక్కవాళ్ళకి చూసేటప్పుడు ఫోను వంటింట్లో ఉండాలి. అంకెలు వంటింటిదాకా వెళ్ళవు గనక ఆరోగ్య కేంద్రానికీ వెళ్ళవు. ఎక్కువొచ్చిన వాళ్ళని తన దగ్గరికి పంపమని మరీ మరీ చెప్పి వెళ్ళింది. అత్తయ్య అన్నింటికీ తలూపింది. అలా చాన్నాళ్ళు బాగానే నడిచింది.

ఈ ఏడాది చెరుకు బళ్ళు రోడ్డు నిండా తిరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, స్కూల్లో అన్నం క్యారేజీ విప్పుతుండగా ఆశా అమ్మాయి ఫోను. "మేడమ్, మామ్మకి రెండొందల ఎనిమిది వచ్చింది. కింద నూట పదహారు. నేను మీ ఇంటికెల్తన్నాను, మీరూ వచ్చీయండి."

క్యారేజీ ఎవరు మూశారో నాకు తెలీదు. ఆటోలో కూర్చున్నాను గాని ముందు రెండు చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడి రోడ్డు కదల్లేదు. ఆటో డ్రైవర్ని అన్యాయంగా తిట్టాను. రెండొందలు దాటితే ఏమవుతుందో ఆ అమ్మాయి ఇదివరకు మా వసారాలోనే చెప్పింది. తలలో నరం చిట్లొచ్చు, కాలూ చెయ్యీ పడిపోవచ్చు. అత్తయ్య లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ ట్రాక్టరు వెనక నేను మొదటిసారి ఊహించుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మీద విసుక్కుంటున్నాననుకున్నాను. అది విసుగు కాదని అప్పుడు తెలిసింది.

నేను వెళ్ళేసరికి ఆవిడ వసారాలో కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆశా అమ్మాయి మూడుసార్లు పట్టీ కట్టింది. మూడుసార్లూ నూట ముప్పై దాటి కొంచెం, అంతే. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఆ రోజు ఫోను వంటింట్లో పెట్టడం అత్తయ్య మర్చిపోయింది. అంటే ఆ రెండొందల ఎనిమిది ఇంకెవరిదో. ఎవరో ఒకరు ఆ అంకె ఒంట్లో పెట్టుకుని ఊళ్ళో తిరుగుతున్నారు.

"ఎవరెవరొచ్చేరు మామ్మా?"

"ఎవరని చెప్పనే... వీధిలోవాళ్ళే" అంది అత్తయ్య, చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా.

వీధిలోవాళ్ళ నలుగురి పేర్లూ రాబట్టాం. సాయంత్రానికి నలుగురికీ మళ్ళీ కట్టాం. ఎదురింటావిడది కాస్త ఎక్కువే గాని రెండొందల దరిదాపుల్లో ఎవరూ లేరు. పాలకేంద్రం పెద్దాయనైతే తనకి రెండొందలు రాలేదని చిన్నబుచ్చుకున్నంత పని చేశాడు. ఆ పూట అత్తయ్య అన్నం కెలికి వదిలేసింది.

మర్నాడు పొద్దున్న నేను కూర తాలింపు వేస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒసే అమ్మా, నువ్వు అరవనంటే ఒక మాట చెప్తాను."

"అరవను."

"ఆ అంకె నేను చూసేను."

చెప్పింది. మాడుగుల వైపు నుంచి బస్సులో మా చోడవరం వచ్చి కొండచీపుళ్ళు అమ్ముకునే ఆవిడ. ఏడాదికి రెండు మూడుసార్లు మా వీధిలో కనిపిస్తుంది. చీపుళ్ళ మోపు దింపి, మంచినీళ్ళడిగింది. అందరికీ చూసినట్టే అత్తయ్య ఆవిడకీ చూసింది. రెండు, సున్నా, ఎనిమిది. అత్తయ్య ఐదో తరగతి దాకా చదువుకుంది, అంకెలు బాగా తెలుసు.

"ఏమని చెప్పారు?"

"బాగుందమ్మా, వెళ్ళిరా అన్నాను."

నేను అరిచాను. గరిటె సింకులో పడేసి మరీ అరిచాను. ఒక మనిషి ప్రాణం అత్తయ్యా, మీ నోట్లోంచి ఒక్క మాట, ఎక్కువుంది, ఆస్పత్రికెళ్ళు అన్న ఒక్క మాట వస్తే సరిపోయేది కదా అని అరిచాను. నిన్నంతా నలుగురి చేతులూ పట్టుకు తిరిగాం, అప్పుడైనా చెప్పలేదేం అని అరిచాను. పక్కింటి కిటికీ తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది.

"చెప్తే మిషను పట్టుకుపోతారేమో అనుకున్నాను" అంది చిన్నగా. మళ్ళీ తనే, "మోపు నెత్తికెత్తుకుని మెట్టు మీద కాలు పెట్టేసిందే. బయల్దేరిన మనిషికి బాగోలేదని ఎలా చెప్పమంటావు? నా నోరు రాలేదు" అంది.

ఆవిడ నోట్లో నూనె కూడా అయిపోదని నాకు తెలుసు. ఆ మాటల్ని ఇన్నేళ్ళూ ముద్దుగా విన్నదాన్ని, వెక్కిరించి నవ్వినదాన్ని నేనే. తాలింపు మాడిపోయింది.

ఆశా అమ్మాయి పరుగున వచ్చింది. అత్తయ్య తలొంచుకునే ఉంది. ఆ అమ్మాయి ఆవిణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. పక్కన కూలబడి, "పేరు అడిగేరా మామ్మా?" అంది. అడగలేదు. ఊరు? మాడుగుల వైపని తప్ప తెలీదు. మొహం? అందరి మొహం లాగే ఉంటుంది, ఎండకి నల్లబడి.

"పోనీ, సెయ్యెలా ఉంది?"

ఇదేం ప్రశ్న అని నాకు చిరాకేసింది. ఆ అమ్మాయి నావైపు తిరిగి, "మాకు మొహాల కన్నా సేతులే గుర్తుంటాయి మేడమ్. రోజూ పట్టీ కట్టీది వాటికే కదా" అంది.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. పట్టీ చుట్టేటప్పుడు ఏం చూసిందో మనసులో మళ్ళీ చూసుకుంటోంది. "ఎడం చెయ్యి. మోచెయ్యి మడత దగ్గర పచ్చబొట్టు. తేలు."

ఆ అమ్మాయి వెంటనే ఫోన్లో మాట రికార్డు చేసి మాడుగుల వైపు పనిచేసే ఆశాలకి పంపింది. శిక్షణలో కలిసినవాళ్ళట. చీపుర్లమ్మీ ఆవిడ, ఎడం మోచేతి కాడ తేలు పచ్చబొట్టు, తెలిస్తే అర్జెంటుగా సెప్పండి. అంకె మాత్రం చెప్పలేదు. అది ఆవిడ సొంత విషయమంది.

మధ్యాహ్నానికి ఐదు తేళ్ళొచ్చాయి. ఆ కాలంలో పచ్చబొట్లు పొడిచినవాళ్ళకి తేలు తప్ప ఇంకోటి రాదు కాబోలు. ఐదుగురిలో ముగ్గురు చీపుళ్ళు కట్టేవాళ్ళే. ఆవిడ ఆ సమయంలో ఏ ఊళ్ళో మోపెత్తుకుని ఎండలో నడుస్తోందో.

అత్తయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. "తేలుకి కొండి లేదే" అంది. "తోక ఉంది, కొసన కొండి లేదు. నేను నవ్వి అడిగేను కూడా. చిన్నప్పుడు నొప్పికి ఏడ్చి లేచి పారిపోయేనమ్మా, అది అలాగే ఉండిపోనాది అంది."

అది కూడా పంపాం. చీకటి పడకముందే మాడుగుల దగ్గరి ఊరి ఆశా ఒకావిడ నేరుగా ఫోన్ చేసింది. మా ఆశా అమ్మాయి స్పీకరు పెట్టింది.

"కొండి లేని తేలు నాకు తెల్సు! మా ఊరిదే. నాకు దొరికితే కదా, పట్టీ అట్టుకెల్తే ఇంట్లో ఉండదు. పోయిన్నెల ఒక్కసారి దొరికింది. అప్పుడే ఎక్కువుంది. డాక్టరుగారికి సూపించి మాత్రలిప్పించేను. నిన్న సాయంత్రం ఆ మాత్రలు నా గుమ్మంలో ఎట్టేసి ఎల్లిపోనాది. ఏటే అంటే, సోడవరంలో మామ్మగోరు మిషనెట్టి సూసి బాగున్నాదన్నారు, ఇంక నాకేటీ లేదు అంది. పొద్దున్న మల్లా ఎల్తే నన్ను సూసి నవ్వింది. దానికి ఆ మామ్మగోరి మాటే మాట. నాను సెప్తే ఇనదు."

అత్తయ్య లోపలికి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. తిరిగొచ్చేసరికి చేతిలో ఇస్త్రీ చీర ఉంది.

"మాడుగుల మొదటి బస్సెన్నింటికే?"

ఆశా అమ్మాయి వీడియో కాల్ చేయిస్తానంది. "ఫోన్లో చెప్పే మాటటే అది?" అంది అత్తయ్య. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ బస్సెక్కి ఏడాది దాటింది.

మర్నాడు పొద్దున్న ముగ్గురం బయల్దేరాం. కిటికీ పక్కన కూర్చున్న అత్తయ్య పెదాలు కదులుతున్నాయి. ఏదో స్తోత్రం చదువుకుంటోందనుకున్నాను. కాసేపటికి నావైపు వంగి, "ఇంకా తగ్గాలమ్మా అని చెప్తే సరిపోద్దా?" అంది.

"సరిపోదు."

మళ్ళీ కాసేపు పెదాలు కదిపింది. "పోనీ, కొంచెం నిండుగా ఉందని..."

"అత్తయ్యా! మళ్ళీ నింపకండి."

వెనక సీట్లో ఆశా అమ్మాయి ఫక్కుమంది. నేనూ నవ్వాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఎవరి మొహం మీదా అనని ఒక మాటని నోట్లో పెట్టుకుని నలగ్గొట్టుకుంటోంది. నేను ఆవిడ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. చల్లగా ఉంది.

ఆ ఊరి ఆశా బస్సు దిగిన దగ్గరే నిలబడి ఉంది. ఇంటికి తీసుకెళ్ళింది. చీపుళ్ళావిడ వాకిట్లో కూర్చుని పుల్లలు దూసి కట్టలు కడుతోంది. అత్తయ్యని చూసి గబగబా లేచి, "ఏటి తల్లీ, మీరిలాగొచ్చేరు? సీపుర్లు కావాలంటే నానే తెద్దును కదా" అంటూ మంచం వాల్చింది. నాకైతే ఆ మొహం ఎక్కడా చూసిన గుర్తు లేదు. చెయ్యి మాత్రం గుర్తుపట్టాను. తోక చివర ఖాళీగా ఉన్న తేలు.

అత్తయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "అమ్మా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పేను. నీకు బాగోలేదు. అస్సలు బాగోలేదు."

ఆవిడ చేతిలో పుల్లలు అలాగే ఉన్నాయి. "బాగోపోతే మరి బాగున్నాదని ఎందుకన్నారు?"

"నువ్వు బయల్దేరిపోతన్నావు. నోరు రాలేదు."

"నోరు రాపోతే ఊరుకోవాలి గాని, బాగున్నాదని సెప్తారేటి?" ఆవిడ గొంతు లేచింది. "మీ మాట మీద మాత్రలిచ్చీసేను నాను. మూడ్రోజులై మోపెత్తుకుని తిరుగుతన్నాను. తల దిమ్ముగా ఉన్నా, మామ్మగోరు బాగున్నాదన్నారు కదా, ఎండేమోలే అనుకున్నాను."

"తప్పు నాదే" అంది అత్తయ్య.

మా అత్తయ్యని ఎవరైనా ఒక మాటంటే ఊరుకునే రకం కాదు నేను. నోరు తెరిచాను. ఆశా అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్ళూ నేను నోరు మూయించిన పిల్లల్లో ఒకతి ఆ రోజు నా నోరు మూయించింది, అది మంచి పనే అయింది. అందుకు బదులు నేను నాకు తెలిసిన పని చేశాను. రెండొందల ఎనిమిది అంటే ఎంతో, ఎంత ఉండాలో, ఎంత తేడా ఉందో చెప్పాను. చక్కగా, బోర్డు మీద రాసినట్టు చెప్పాను. ఆవిడ వినలేదు. "నాకంకెలు రావమ్మా" అని పక్కకి తిరిగిపోయింది.

అప్పుడు ఆవిడ కళ్ళు అత్తయ్య కాళ్ళ మీద పడ్డాయి. బస్సులో గంటసేపు వేలాడదీసి కూర్చోవడం వల్ల రెండు పాదాలూ వాచి, చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయి ఉన్నాయి. ఆవిడ పుల్లలు కింద పెట్టి, దగ్గరికొచ్చి, గొంతుక్కూర్చుని ఆ చెప్పులు ఒక్కొక్కటే ఊడదీసింది. కాసేపు అలాగే పాదాలు చూస్తూ ఉంది.

"ఈ కాల్లతోటి బస్సెక్కి ఇంత దూరం వచ్చేరంటే," అంది, "నిజంగా బాగోలేదన్న మాట."

అని ఎడం చెయ్యి చాపింది.

ఆ ఊరి ఆశా పట్టీ కట్టింది. నూట తొంభై ఆరు. ఆటోలో అందరం ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడ డాక్టరు పరీక్షలు చేసి, సాయంత్రం దాకా ఉంచుకుని, అంకె కొంత దిగాక గాని కదలనివ్వలేదు. సమయానికి తెచ్చారన్నాడు. మేం ఇంకో రెండు రోజులు వెతుకుతూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఆ ఊరి ఆశా దగ్గరా మా ఇంట్లో లాగే ఫోనుకి అంకెలు పంపే మిషనొకటుంది. చీపుళ్ళావిడ మోపెత్తుకుని అమ్మకానికి పోయేముందు వెళ్ళి పట్టీ కట్టించుకుంటోందట.

కాని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టేది ఆ పొద్దున్నే. ఆస్పత్రి బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరు మొదటి మాత్ర చేతిలో పెట్టగానే ఆవిడ దాన్ని నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఎదురుగా కూర్చున్న అత్తయ్యకి నోరు తెరిచి చూపించింది. ఎవర్నీ ఎన్నడూ అనుమానించని మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, ముందుకి వంగి, "నాలుకెత్తమ్మా" అని, నాలుక కింద కూడా చూసి గాని వదల్లేదు.